కల్బాలో పెళ్ళికొడుకు మొహం

కల్బా అనే ఊరొకటి ఉందని దుబాయ్‌లో ఇన్నేళ్ళుగా ఉంటున్న నాకే తెలియదు. తూర్పుకి వెళ్ళి, కొండలు దాటి, ఇంకాస్త ముందుకెళితే ఒమన్‌లో పడతాం అనగా సముద్రం ఒడ్డున ఒదిగి ఉంటుంది. అక్కడ మడ అడవి ఉందనీ, నీళ్ళలో తాబేళ్ళు కనబడతాయనీ, చేపలు తాజాగా దొరుకుతాయనీ వెళ్ళొచ్చినవాళ్ళు చెబుతారు. మేం వాటిలో దేనికోసమూ వెళ్ళలేదు. ఒక మగమనిషి మొహం చూడ్డానికి వెళ్ళాం.

ఆ మనిషి పేరు సుందరరావు. మా రాజోలు వైపు వాడు. కల్బాలో ఒక అరబ్బుల ఇంట్లో డ్రైవరు. భార్య పోయి చాలా కాలమైంది, పిల్లల్లేరు. చూడాల్సింది నేను కాదు, సువర్ణ. మేమిద్దరం దుబాయ్‌లో డేరా అనే పేటలో ఒకే ఆసుపత్రిలో నర్సులం. మా ఫ్లాట్‌లోనే ఒక గదిలో ఉంటుంది. నన్ను అక్కా అంటుంది, మా ఆయన్ని బావగారూ అంటుంది, ఆయన వండిన కూరకి నాకంటే ముందు వంక పెడుతుంది. కట్టుకున్నవాడు వదిలేసి పోయాక కూతురు కెజియాని నరసాపురంలో హాస్టల్లో ఉంచి ఇక్కడికొచ్చింది. పాప ఇప్పుడు ఎనిమిదో తరగతి.

ఈ సంబంధం తెచ్చింది మా చర్చిలో ఒక పెద్దావిడ. దీనికి ముందు రెండొచ్చాయి. ఇద్దరు మగాళ్ళూ ఫోన్లో సువర్ణ జీతం విని చాలా ఆనందపడి, పాప సంగతి వచ్చేసరికి "అది తర్వాత చూద్దాంలెండి" అన్నారు. అందుకని ఈసారి సువర్ణ మొండికేసింది.

"ఫోన్లో వద్దక్కా. ఎదురుగా కూర్చుని అడుగుతాను, పాప నాతోనే ఉంటుంది, సరేనా అని. నోరు ఏదైనా చెబుతుంది. ఆ మాట వినగానే మొహం ఎలా మారుతుందో నేను చూడాలి," అంది.

మొహం ఫోటోలో చూడొచ్చు కదా అంటారేమో. పంపాడు. ఒంటె పక్కన నిలబడి, నెత్తిన టోపీ, కళ్ళకి నల్లద్దాలు. ఒంటె మొహం మాత్రం చాలా స్పష్టంగా పడింది.

మన దగ్గర మగపెళ్ళివారు వస్తారు, జంతికలు తింటారు, ఇంటికెళ్ళి కబురు చేస్తామంటారు. ఇక్కడ ఆడపెళ్ళివారమే బయల్దేరాం. ఆడపెళ్ళివారంటే నేనూ, జెబెల్ అలీలో గోడౌన్ సూపర్‌వైజరుగా ఉన్న మా ఆయనా. కారు నడపడం ఆయనకి మేం అప్పజెప్పిన పని. తిండి కనబడ్డ చోటల్లా ఆపడం ఆయన సొంత నిర్ణయం.

శనివారం నాడు శుక్రవారం సంత

మసాఫీ దగ్గర కొండల మధ్య రోడ్డుకి అటూ ఇటూ వరసగా కొట్లు. పేరు శుక్రవారం సంత, ఉండేది వారమంతా. మేం వెళ్ళింది శనివారం. కుండీలు, మొక్కలు, ప్లాస్టిక్ బొమ్మలు, పళ్ళు, తివాచీలు. మా ఆయన కాల్చిన మొక్కజొన్న దగ్గర ఆగాడు. నేను అరటిపళ్ళ కోసం దిగాను. పెళ్ళిచూపులకి వట్టి చేతుల్తో వెళితే ఆడపెళ్ళివారి పరువేం కాను?

కిలో పది దిర్హాములన్నాడు. గబగబా రూపాయల్లోకి మార్చి గుండె పట్టుకున్నాను. జీతం దిర్హాముల్లో తీసుకుంటూ ధరలు మాత్రం రూపాయల్లో వినే జబ్బు నాకింకా నయం కాలేదు. ఏడుకి ఇమ్మన్నాను. కొట్టువాడు పెషావర్ మనిషి, గడ్డం నిమురుకుని, "బహెన్, అరటిపండుకి కూడా బేరమా?" అని బాధపడ్డాడు. బాధపడుతూనే ఏడుకి ఇచ్చాడు.

ఇంతలో పక్క కొట్టు తివాచీల మనిషి సువర్ణ వెనకపడ్డాడు. నాలుగొందలు, మీకోసం మూడొందలు, పొద్దుటి బోణీ కాబట్టి రెండొందలు అంటూ కారు దాకా వచ్చాడు. మేం డోరు వేసుకునేసరికి నూట ఇరవైకి దిగాడు. అప్పటిదాకా మాలో ఎవరూ నోరు తెరవలేదు. నేను గనక బేరం మొదలుపెట్టి ఉంటే ఎదురు డబ్బిచ్చి పంపేవాడేమో.

"అక్కా, నా చీర బాగుందా?" అని అడిగింది సువర్ణ, కొండలు దిగుతుండగా.

"చూడాల్సింది నువ్వు కదే, నీ చీరతో ఏం పని?" అన్నాను. కానీ బాగుంది. నీలం రంగు మీద సన్నటి జరీ. జడలో డేరాలో కొన్న మల్లెపూలు. మూడు రోజుల నుంచీ ఏం పట్టనట్టే తిరిగింది గానీ, ఆ పూలు ఫ్రిజ్‌లో పాల ప్యాకెట్ వెనక దాచిపెట్టడం నేను చూశాను.

చేపల బజారులో ఒక్క వరుడూ లేడు

సుందరరావు చేపల బజారు దగ్గర కలుస్తానన్నాడు. బజారు చిన్నది, శుభ్రంగా ఉంది. కానాగంతలు, వంజరాలు, చందువాలు, పేరు తెలియని ఎర్రవి నాలుగైదు రకాలు. అలవాటు కొద్దీ ఒక వంజరం మొప్ప ఎత్తి చూశాను. అమ్మేవాడు నన్ను మెచ్చుకోలుగా చూశాడు. కొనకుండా వెళ్ళిపోయేసరికి ఆ మెచ్చుకోలు వెనక్కి తీసుకున్నాడు. చేప కొన్నాక బాగుచేయించుకోవడానికి వేరే బల్ల, వేరే డబ్బు. మా వైపు చేపలమ్మే ఆవిడే కత్తిపీట ముందేసుకుని, ఊళ్ళో కబుర్లన్నీ చెబుతూ ముక్కలు కోసి ఇస్తుంది. ఇక్కడ కోసేవాడు నోరు విప్పడు. చవకే గానీ కాలక్షేపం తక్కువ.

సువర్ణ చేపల్ని చూడలేదు. నల్లద్దాలు పెట్టుకున్న ప్రతి మగవాణ్ణీ చూస్తోంది. ఆ ఎండలో అందరూ పెట్టుకున్నారు. ఒకాయన టోపీ కూడా పెట్టుకుని మావైపే వచ్చాడు. సువర్ణ పమిట సర్దుకుంది. ఆయన మలయాళంలో దారి తప్పుకోమన్నాడు, చేతిలో రొయ్యల బుట్ట ఉంది.

అప్పుడు ఫోన్ వచ్చింది. "అండీ, నేను సుందర్రావునండి. మామా నన్ను మార్కెట్‌కి ఎల్లొద్దన్నారండి. మిమ్మల్ని ఇంటికే తీసుకురమ్మన్నారు. దారి పంపించానండి, ఆయ్."

అరబ్బుల ఇళ్ళలో ఇంటి పెద్దావిడని పనివాళ్ళు మామా అంటారు. పెళ్ళిచూపుల్లోకి ఈ మామా ఎందుకొచ్చిందో మాకు అప్పటికి తెలియదు.

రెండు తలుపుల ఇల్లు

ఇంటికి రెండు తలుపులు. ఒకటి మగవాళ్ళ మజ్లిస్‌కి, ఒకటి ఆడవాళ్ళ మజ్లిస్‌కి. మజ్లిస్ అంటే అతిథులు కూర్చునే పెద్ద గది. ఇథియోపియా పనిమనిషి ఒకావిడ మమ్మల్ని ఆడవాళ్ళ వైపు తీసుకెళ్ళింది. మగవాళ్ళ తలుపు మాకు కనబడకుండా తెరుచుకుంది. లోపల్నుంచి "రండి బావగారూ, రండాయ్" అని ఎవరో పిలిచారు. మా ఆయన మావైపు చెయ్యి ఊపి మాయమైపోయాడు. పెళ్ళికొడుకుని చూసే భాగ్యం ఆయనకి దక్కింది.

గది నిండా తివాచీ, గోడల పొడుగునా దిండ్లు. మధ్యలో మామా. డెబ్బై దాటిన మనిషి, నిటారుగా కూర్చుంది. నుదుటి మీద, ముక్కు మీద బంగారు రంగులో మెరిసే పాతకాలపు ముసుగు, అందులోంచి రెండు కళ్ళు. మాతో హిందీలో మాట్లాడింది. కూర్చోండి, తినండి, ఎండ ఎక్కువగా ఉందా, అంతే. మా అరటిపళ్ళు, మేం తెచ్చిన కాజాల డబ్బా తీసుకుని పక్కన పెట్టింది.

కాఫీ వచ్చింది. పసుపు నీళ్ళ రంగు, ఏలకుల వాసన, పాలు లేవు, పంచదార లేదు, ఉగ్గుగిన్నెంత కప్పు. ఖర్జూరం కొరికి తాగాలి. తాగేశాక మళ్ళీ పోస్తారు. చాలు అని చెయ్యి అడ్డం పెడితే అక్కడ అర్థం కాదు, కప్పు కాస్త అటూ ఇటూ ఊపి ఇవ్వాలి. ఆ సంగతి నాకు తెలుసు. మా ఆయనకి తెలియదు. అటువైపు ఆయన మర్యాదకి పోయి ఎన్ని కప్పులు తాగాడో రాత్రంతా నిద్రపట్టకపోతేగానీ లెక్కపెట్టుకోలేదు.

ఆవిడకి అర్థం కాదు కదా అని మేం చిరునవ్వులు నవ్వుతూ తెలుగులో మాట్లాడుకున్నాం.

"ఇంత పెద్ద ఇల్లు, కాఫీలో చెంచాడు పంచదారకి దిక్కులేదు. పిసినారి ఇల్లల్లే ఉంది," అన్నాను.

"ఆవిడ కళ్ళు చూశావా అక్కా? మనల్ని తూకం వేస్తోంది," అంది సువర్ణ.

"వెయ్యనీ. పెళ్ళికొడుకుని ఎప్పుడు పిలుస్తుందో ఏమో. ముసలమ్మ వాలకం చూస్తే పిలిచేలా లేదు."

మామా మాకు ఇంకో ఖర్జూరం అందించింది.

మూడుసార్లు ధూపం

కాసేపటికి పనిమనిషి ధూపం తెచ్చింది. మట్టి పాత్రలో నిప్పులు, మీద అగరు చెక్క ముక్కలు. గదంతా ఘుమఘుమలాడింది. మా ప్రాణాలు లేచొచ్చాయి. సాంబ్రాణి వేశారంటే మన ఇళ్ళలో ఏదో శుభం మొదలవుతున్నట్టే. ఇంక పెళ్ళికొడుకుని పిలుస్తారన్నమాట! సువర్ణ జడ విప్పి, తలంటు పోసుకున్న పిల్లలా జుట్టంతా పొగకి పట్టింది. నేను కాళ్ళు ముడుచుకుని దిండుకి ఇంకాస్త హాయిగా ఆనుకున్నాను.

మామా మమ్మల్ని చూసింది. పనిమనిషిని చూసింది. మళ్ళీ ధూపం వచ్చింది. ఈసారి అత్తరు కూడా చేతులకి రాశారు. "చూశావా, ఎంత మర్యాదో," అని సువర్ణతో అని, నేను కూడా కొప్పు విప్పాను.

మూడోసారి ధూపం పట్టుకుని మామాయే లేచి వచ్చింది. మా ముందు ఠక్కున పెట్టి, నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఒసేయ్, ఇంకా లెగరేంటే? పొగ ఎట్టాక లెగాలి. ఇంకెన్నిసార్లు ఎట్టాలి?"

తెలుగు. అచ్చమైన మా కోనసీమ తెలుగు. సువర్ణ చేతిలో ఖర్జూరం తివాచీ మీద పడింది.

ఈ దేశంలో ధూపం వేశారంటే ఇంక వెళ్ళిరండి అని మర్యాదగా చెప్పడమట. మేం రెండుసార్లు సాగనంపినా కదలకుండా జుట్టు ఆరబెట్టుకుని కూర్చున్నాం. మీరెప్పుడైనా వెళితే నిప్పులు కనబడగానే చెప్పులు వెతుక్కోండి.

"అమ్మగారూ, మీకు తెలుగు..." అన్నాను.

"నా ఇంట్లో తెలుగు ఆడోళ్ళు ఎంతమంది చేసారో నీకేటి తెలుసు? రాజోలుది, మలికిపురంది, సకినేటిపల్లిది. నా పిల్లల్ని పెంచింది ఆళ్ళే. నా పెద్దోడు ముందు అమ్మా అన్నది తెలుగులోనే." కాస్త ఆగింది. "పిసినారి ఇల్లు అని ఎవత్తె అంది?"

నేను సువర్ణని చూపించాను. అదే క్షణంలో సువర్ణ నన్ను చూపించింది. మామా ముసుగు వెనక నుంచి నవ్వు మొదలై భుజాల దాకా వచ్చింది. వంటింట్లో ఆడవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు పిలుచుకునే తెలుగు విని నేర్చుకుంది కాబట్టి ఆవిడ భాషలో అండీలు లేవు. అందరం ఒసేయే. వెంటనే పనిమనిషితో మళ్ళీ కాఫీ తెప్పించి, నా కప్పులో పంచదార గుప్పెడు పోసింది. అది మొత్తం నా చేత తాగించింది.

తెలుగు బయటపడ్డాక ఇంక పొమ్మనలేకపోయిందేమో, కొండ దారిలో చీకటి పడుతుంది, పొద్దున్నే వెళ్దురు, ఇక్కడే పడుకోండి అంది. మా ఆయనకి గేటు పక్కన డ్రైవరు గదిలో మంచం.

"మామా, నేను ఆయన్ని చూడాలి. ఒక మాట అడగాలి," అంది సువర్ణ, ధైర్యం చేసి.

"ఆడిని నువ్వు సూడ్డం ఏంటి? నేను నా మొగుడి మొగం మూడో రోజు సూసా. బతకలేదా? మాట నాకు చెప్పు, నేనడుగుతా."

"కాదు మామా. నేనే అడగాలి. మొహం చూసి అడగాలి."

"ఖలాస్," అంది మామా. ఖలాస్ అంటే ఇంక ఆ మాట ఎత్తొద్దని.

తర్వాత ఆవిడే ప్రశ్నలు మొదలుపెట్టింది. జీతమెంత, వంటొచ్చా, కోపమొస్తే గిన్నెలు విసురుతావా. మా మేనత్తలు కూడా ఇంత సూటిగా అడగరు. అడగడం అయ్యాక సుందరరావు తప్పులు చెప్పడం మొదలెట్టింది. బండి మరీ నిదానంగా నడుపుతాడు. ఉల్లిపాయలు ఎక్కువ తింటాడు. ఒకసారి చెప్పిన మాట మర్చిపోతాడు. ఆదివారం గదిలో కూర్చుని గొంతెత్తి పాటలు పాడతాడు. వినగా వినగా నాకు అనుమానమొచ్చింది. సంబంధం కుదర్చాలనుకునేవాళ్ళు ఇన్ని లోపాలు ఏరి చెప్పరు. మొహం చూపించకపోవడం వెనక పాతకాలపు పద్ధతి ఒక్కటే లేదు, ఇన్నేళ్ళుగా కళ్ళెదుట తిరిగిన మనిషిని వదులుకోవడం ఈవిడకి ఇష్టం లేదు. ఆ మాట నేను తెలుగులో అనలేదు. అప్పటికి బుద్ధొచ్చింది.

తీపి సేమ్యా మీద ఆమ్లెట్టు

పొద్దున్న ఫలహారం బలాలీత్. యాలకులు, కుంకుమపువ్వు వేసి చేసిన తీపి సేమ్యా, దాని మీద దుప్పటి కప్పినట్టు ఆమ్లెట్టు. ఇది పొరపాటున కలిసిందేమోనని ఆమ్లెట్టు తీసి పక్కన పెట్టబోయాను. మామా నా చేతి మీద ఒక్కటేసింది. రెండూ కలిపి తింటే, ఒప్పుకోవడానికి మనసు రాలేదు గానీ, బాగుంది.

మా ఆయన వాకిట్లోకి వచ్చాడు. రాత్రంతా పెళ్ళికొడుకు గదిలో ఉన్న మనిషి. పక్కకి లాగాను.

"ఎలా ఉన్నాడండీ?"

"బానే ఉన్నాడు."

"బానే అంటే?"

"గురక లేదు. చేపల పులుసు పెట్టాడు. చింతపండు కాస్త తక్కువైంది గానీ చెయ్యి మంచిదే."

"మొహం ఎలా ఉందండీ?"

ఆయన బాగా ఆలోచించాడు. "మొహంలానే ఉంది," అన్నాడు.

ఈ దూతని నమ్ముకుని లాభం లేదని తేలిపోయింది. సువర్ణ నవ్వింది గానీ ప్లేట్లో సేమ్యా అలాగే ఉంది. రాత్రి తను నిద్రపోలేదని నాకు తెలుసు.

"వెళ్ళిపోదాం అక్కా," అంది మెల్లిగా. "అడక్కుండానే పోదాం. అడిగాక ఇతను కూడా తర్వాత చూద్దాం అంటే, ఇంక నాకు ఇంకోడిని అడిగే ఓపిక లేదు. వేసంగి సెలవులకి వెళ్ళినప్పుడు పాప నన్నేం అడిగిందో తెలుసా? నేను నీ దగ్గరికి రావడానికి ఇంకా ఎన్ని క్లాసులు చదవాలమ్మా అంది."

నాకు ఒళ్ళు మండింది. సువర్ణ మీద కాదు, ఆ మొదటి ఇద్దరి మీద. తిన్నగా మామా దగ్గరికి వెళ్ళి, కెజియా సంగతంతా చెప్పేశాను. హాస్టలు, ఆ ఇద్దరూ, సువర్ణ అడగాలనుకుంటున్న మాట, ఎందుకు మొహం చూసే అడగాలంటోందో అదీ. ఆవిడ వింటూ వింటూ చేతిలో తస్బీహ్ జపమాల తిప్పడం ఆపేసింది.

"పిల్ల తల్లి లేకుండా ఉంటందా?" అంది.

"ఆయ్," అన్నాను. ఆ ఇంట్లో ఒక్క రాత్రి గడిపేసరికే నాకూ ఆయ్ తిరిగొచ్చింది.

మామా లేచి, బయటికెళ్ళేటప్పుడు వేసుకునే నల్లటి అబాయా వేసుకుంది. "బండి తియ్యమను. ఖోర్ సూపిస్తా మీకు. మాట అడుక్కోమను దాన్ని. ఆడు మాత్రం ఎనక్కి తిరగడు. యల్లా, పదండే."

మడ అడవి

పెద్ద బండి. ముందు మామా, స్టీరింగు దగ్గర సుందరరావు, మధ్య సీట్లో నేనూ సువర్ణా, వెనక సీట్లో మా ఆయనా, ఒక గిన్నెడు లుగైమాత్. అవి పిండి ఉండలు వేయించి ఖర్జూరం పాకం పోసినవి. మన పునుగులకి తీపి పట్టిస్తే అలా ఉంటాయి. మాకు సుందరరావు మెడ కనబడింది. నున్నగా దువ్విన తల వెనకభాగం, కొంచెం బయటికి నిలబడ్డ చెవులు. ముందు అద్దంలో రెండు కళ్ళు. మేం చూడగానే అవి రోడ్డు మీదకి పారిపోయేవి.

"నమస్కారమండి," అన్నాడు అద్దంతో.

"నమస్కారమండి," అంది సువర్ణ, ఆయన చెవులతో.

ఖోర్ అంటే సముద్రం లోపలికి చొచ్చుకొచ్చిన పాయ. కల్బా ఖోర్ చుట్టూ మడ చెట్లు. పచ్చటి నీళ్ళు, ఆ పైన కొండలు బూడిద రంగులో. చిన్న చిన్న పడవలేసుకుని తెల్లవాళ్ళు డబ్బులిచ్చి మరీ తెడ్డు వేస్తున్నారు. మా కోరింగ వైపు తెడ్డు వేస్తే ఎదుటివాళ్ళే డబ్బులివ్వాలి. కానీ బురద వాసన అచ్చం మా వైపుదే. ఆ వాసన ముక్కుకి తగలగానే మా ఆయన కూడా లుగైమాత్ నమలడం ఆపేశాడు. ఇద్దరికీ ఊరు మీద బెంగ వచ్చింది, అంతే.

సుందరరావుని బండిలోనే ఉండమంది మామా. మమ్మల్ని నీళ్ళ అంచుకి తీసుకెళ్ళి, చిన్నప్పుడు ఇక్కడికి గాడిదలేసుకుని వచ్చేవాళ్ళమనీ, ఎండాకాలం ఈతాకు గుడిసెల్లో పడుకునేవాళ్ళమనీ, వాళ్ళ నాన్న ఒడ్డు మీద చేపలు ఆరబోసేవాడనీ చెప్పింది. కాకుల్ని తోలే పని ఆవిడదట. "నాది కూడా అదే పని మామా," అన్నాను. ఆవిడ మా ఊరి కాకుల గురించి వివరంగా అడిగింది. సువర్ణ ఒక్కతీ దూరంగా నిలబడి పెదాలు కదుపుతోంది. అడగాల్సిన మాట వల్లె వేసుకుంటోంది.

వెనక్కి తిరగని మనిషి

తిరుగు దారిలో బండి సముద్రం ఒడ్డు రోడ్డెక్కింది. సువర్ణ అద్దంలోకి సూటిగా చూసింది.

"సుందర్రావుగారూ, ఒక్క మాట. నాకో కూతురుందని మీకు తెలుసు. పెళ్ళయితే అది నాతోనే ఉంటుంది. తర్వాత చూద్దాం అంటే మాత్రం నాకొద్దు. ఉండొచ్చా, ఉండకూడదా, ఇప్పుడే చెప్పండి."

అద్దంలో కళ్ళు మాయమైపోయాయి. బండి నిదానంగా పోతోంది. మెడ మీద చెమట పట్టింది.  అయిపోయింది, మూడోవాడూ అంతే, అనుకున్నాను. 

"అండీ," అన్నాడు చివరికి. "నాది ఇంటి డ్రైవరు వీసా అండి. దాని మీద నేనెవర్నీ తెచ్చుకోలేను. పాపనీ తేలేను, మిమ్మల్నీ ఉంచుకోలేను. గేటు పక్కన ఒక గది, అంతే. ఈ మాట సిగ్గేసి మీ చర్చి పెద్దావిడకి చెప్పలేదండి. మీ జీతానికైతే కూతుర్ని తెచ్చుకోవచ్చంట, మొగుణ్ణి కూడా పెట్టుకోవచ్చంట. కనుక్కున్నానండి. అప్పుడు మీరూ పాపా ఉండే ఇంటికి నేను రావాలి." గొంతు సవరించుకున్నాడు. "కాబట్టి ఉండొచ్చా అని నన్నడుగుతారేంటండీ? పాపనడగాలి గానీ, నన్ను ఉండనిస్తదా అని."

  వెనక సీట్లో మా ఆయన గిన్నె కింద పెట్టాడు.

మామా సుందరరావు వైపు తిరిగింది. "నువ్వెల్లిపోతే నా బండి ఎవడు తోల్తాడ్రా?"

"మీరు పిలిస్తే వస్తాను కదండీ మామా."

"పిలవను. నీ అంతట నువ్వే రావాలి. సెలవు రోజున. ఆ పిల్లని కూడా తేవాలి." ఆవిడ కిటికీలోంచి సముద్రాన్ని చూస్తూ కూర్చుంది.

సువర్ణ ఫోన్ మోగింది. ఆదివారం హాస్టల్లో పిల్లలకి ఫోన్ ఇచ్చే రోజు. తెర మీద కెజియా, రెండు జడలు, చర్చి నుంచి వచ్చిన గౌను.

"అమ్మా! ఎక్కడున్నావ్? ఎవరి కారు?"

సువర్ణ తడబడింది. మామా చెయ్యి వెనక్కి చాపి ఫోన్ లాక్కుంది. "ఏమేవ్, అన్నం తిన్నావా?" అంది తెరలోకి. బంగారు ముసుగు తెలుగు మాట్లాడేసరికి పిల్ల కళ్ళు చక్రాల్లా అయ్యాయి. మామా ఫోన్ తీసుకెళ్ళి సుందరరావు మొహం ముందు పెట్టింది. "ఇదిగో, ఈడే. మీ అమ్మని సేసుకుంటానంటన్నాడు. నీకు నచ్చాడా, సెప్పు."

సుందరరావు ఓరగా ఒక్కసారి తెర వైపు చూశాడు.

"అంకుల్, మీరు కారు నడుపుతున్నారా?" అంది కెజియా. "నడిపేటప్పుడు ఫోన్ చూడకూడదు. ముందు ఆపండి."

"ఆయ్, ఆపేస్తన్నానమ్మా."

సిగ్నలు వేశాడు, పక్కకి తీశాడు, హ్యాండ్‌బ్రేకు లాగాడు, ఇంజను కూడా ఆపేశాడు. మామా చేతిలోంచి ఫోన్ రెండు చేతులతో తీసుకున్నాడు. "ఆపేసానమ్మా. ఇప్పుడు సెప్పు."

"మా అమ్మ ఎక్కడ?"

"ఎనక కూర్చున్నారమ్మా."

"నాకు మీరిద్దరూ కనబడాలి."

ఫోన్ పట్టుకుని సుందరరావు పూర్తిగా వెనక్కి తిరిగాడు. మామా ఏదో అనబోయి ఊరుకుంది. గుండ్రటి మొహం. బుగ్గ మీద పాత మచ్చ, మీసంలో నెరుపు. అందగాడేం కాదు. ఆయన మా ఎవరివైపూ చూడట్లేదు. చేతిలో ఉన్న తెరనే చూస్తున్నాడు, ఆ పిల్ల ఏమంటుందోనని. రెప్ప కూడా వెయ్యట్లేదు. కాదంటుందేమోనని ఆ మనిషికి ఎంత భయంగా ఉందో మొహమంతా తెలిసిపోతోంది.

సువర్ణ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"చూశానక్కా," అంది.